ఈస్టర్ దాకా బీడు

మేయర్ రెక్క మీద తెల్లటి నలుసు ముందు చూసింది నేను. ఎందుకు చూడను? రోజల్లా ఆ అక్వేరియం ఎదురుగా కుర్చీలో కూలబడి, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం తగిలించుకుని, చేపల్ని చూడ్డం తప్ప నాకింకో పని లేదు. ఊపిరితిత్తులు రెండూ గట్టిపడి అట్టల్లా అయిపోయాయన్నాడు డాక్టరు. వంటింటి దాకా వెళ్ళొస్తే చాలు, ఊరంతా పరిగెత్తినదానిలా రొప్పుతాను. అందుకని మా ఆయన ఓరెస్ట్ నా మంచాన్నీ కుర్చీనీ హాల్లోకి లాక్కొచ్చి, తన ఉప్పునీళ్ళ తొట్టి ముందు పెట్టాడు.

"ఓరెస్ట్, మేయర్ ఒంటి మీద ఏదో ఉంది చూడు," అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని, గాజుకి ముక్కు ఆనించి చూశాడు. "ఇసక నలుసు, లెసియా. రాళ్ళకి రాసుకుని ఉంటాడు."

"ఏడిశావు. ఇసకైతే ఈపాటికి రాలిపోవాలిగా. పొద్దుట్నించీ చూస్తున్నా."

"నీకు చత్వారం."

"నాకు పోయింది ఊపిరితిత్తులు, కళ్ళు కాదు."

మర్నాటికి మేయర్ ఒళ్ళంతా ఎవరో ఉప్పు చల్లినట్టయింది. ఓరెస్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మేయర్ అంటే పసుప్పచ్చ చేప. అరచేతంత ఉంటాడు. తొట్టి ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూ అందరి వ్యవహారాల్లోనూ మూతి పెడతాడు కాబట్టి ఆ పేరు పెట్టాను. మా గరాజ్ కట్టకముందు, నాణెమంత ఉన్నప్పుడు వచ్చాడు. మేత వేసేది, నీళ్ళు మార్చేది, సేవలన్నీ చేసేది ఓరెస్ట్. అయినా వాడికి ఓరెస్ట్ అంటే లెక్కలేదు. నేను గాజు మీద వేలు పెడితే మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు. ఈ ఇంట్లో నా మాట వినే మగాడు వాడొక్కడేనని వచ్చిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని.

వాడికి జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా, నన్ను చూడొచ్చిన వాళ్ళ పరామర్శతో పాటు వచ్చింది. ఒంట్లో బాగోలేదంటే లోకం పూలు పట్టుకొస్తుంది. కెనడాలో మా సాస్కటూన్‌లో ఉన్న గుప్పెడుమంది ఉప్పునీళ్ళ తొట్ల పిచ్చాళ్ళు అలాక్కాదు, తమ తొట్టిలో మొక్కలా బాగా ఎదిగిన పగడంలోంచి ఒక ముక్క కోసుకొస్తారు. డేల్ అనే ఆయన గడ్డకట్టే చలిలో, ప్లాస్టిక్ డబ్బాని కోటు లోపల గుండెకి హత్తుకుని తెచ్చాడు. ఆకుపచ్చగా, దీపం పెట్టినట్టు వెలుగుతోంది ఆ ముక్క. ఇంట్లోకి ఏది వచ్చినా ముందు బేస్‌మెంట్‌లో వేరే తొట్టిలో నెలల తరబడి పెట్టి, బాగుందని తేలాకే పైకి తెస్తాడు ఓరెస్ట్. ఆవేళ మాత్రం, "అబ్బ, ఎంత బాగుందో, నాకు కనబడేట్టు పెట్టవూ," అన్నానని నేరుగా తొట్టిలో పెట్టేశాడు. ఆ ముక్క అడుగున అంటుకుని వచ్చింది ఈ తెల్ల చుక్కల పురుగు. డేల్‌కీ తెలియదు పాపం.

ఓరెస్ట్ వెల్లుల్లి రసంలో మేత నానబెట్టి వేశాడు. పగడాలకి హాని చెయ్యని మందంటూ ఏదో సీసా తెచ్చి పోశాడు. అది పగడాలకీ హాని చెయ్యలేదు, పురుగుకీ చెయ్యలేదు. కొన్నాళ్ళకి చుక్కలన్నీ మాయమైతే సంబరపడిపోయి, ఇంట్లో గిన్నెలన్నీ పాడుకుంటూ కడిగాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఈ పాడు పురుగు పోదు. చేప ఒంట్లో తిని బలిసి, తనంతట తనే రాలిపోయి, ఇసకలో గట్టిగా గుడ్డులా ముడుచుకుంటుంది. అందులోంచి వందలకి వందలు పుట్టుకొచ్చి మళ్ళీ చేప మీద పడతాయి. చుక్క రాలిందంటే తగ్గిందని కాదు, పిల్లల్ని పెట్టడానికి వెళ్ళిందని.

అనుకున్నట్టే ఈసారి రెట్టింపై వచ్చింది. చారల చేపల జంట ముందు పోయింది. నేల ఇనుములా గడ్డకట్టి ఉంటే పెరట్లో ఎక్కడ పాతుతాడు? కాగితంలో చుట్టి, నేను శరత్కాలంలో బంగాళాదుంప కూరి చేసి దాచిన పైరోగీల పక్కన, ఫ్రీజర్లో పెట్టాడు. నా చేత్తో చేసిన ఆఖరి పైరోగీలు అవి.

నన్ను చూసుకోడానికి రోజూ వచ్చే నర్సు రొవీనాది ఫిలిప్పీన్స్. "మా ఊళ్ళో అయితే జబ్బు పడేదాకా ఆగం, ఎప్పుడో వేపుకు తినేవాళ్ళం," అంది.

"నోర్ముయ్యవే, మేయర్ వింటాడు," అన్నాను. కానీ నవ్వు రాలేదు. వాడు పంపు కింద నీళ్ళు విసురుగా వచ్చే చోట నిలబడిపోయి, మొప్పలు ఎగేసుకుంటున్నాడు. ఈ జబ్బులో చేపని చంపేది చుక్కలు కాదు, మొప్పల్లో దూరిన పురుగు. గాలి అందదు. అదెలా ఉంటుందో నాకొకరు చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం ఓరెస్ట్ నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "ఇక ఒకటే దారి. చేపలన్నిటినీ బేస్‌మెంట్‌లో ఉత్త తొట్టిలోకి మార్చి రాగి మందు వెయ్యాలి. ఇక్కడ వేస్తే పగడాలు చస్తాయి, రాళ్ళు కూడా విషం పీల్చుకుంటాయి. ఈ తొట్టిని చేపల్లేకుండా బీడు పెట్టాలి."

ఈ చేపల తొట్ల వాళ్ళ భాషలో అదే మాట. నాకు నవ్వొచ్చింది. నేను గోధుమ పొలాల్లో పుట్టినదాన్ని. మా నాన్న ఏడాది మార్చి ఏడాది పొలాన్ని బీడు పెట్టేవాడు. పోయినేటి గింజ ఒక్కటి మొలిచి పచ్చగా కనబడితే ట్రాక్టరు దిగి వెళ్ళి పీకేసేవాడు. ఆ ఒక్క మొక్క మీద బతికిన తెగులు వచ్చే పంటని తినేస్తుందని ఆయన భయం.

"ఇదీ అంతే," అన్నాడు ఓరెస్ట్. "చేప లేకపోతే పురుగుకి తిండి లేదు. మాడి చస్తుంది. రెండున్నర నెలలు పడుతుంది. మధ్యలో ఒక్క చేపని వదిలినా మళ్ళీ మొదటికొస్తుంది."

"అంటే ఎప్పటిదాకా?"

"ఈస్టర్ దాకా."

మంచు కరిగేదాకా నేనుంటే గొప్పేనని డాక్టరు మా ఇద్దరి ఎదుటే చెప్పాడు. ఓరెస్ట్ అప్పుడు వంగి బూటు లేసు కట్టుకున్నాడు, అప్పటికే కట్టి ఉన్నదాన్ని విప్పి మరీ. మాకు ఈస్టర్ వచ్చేసరికి మంచంతా పోయి పెరట్లో గడ్డి మొలుస్తుంది.

"అప్పటిదాకా నేనుంటానా?" అన్నాను.

"పండక్కి పాస్కా రొట్టె ఎవరు చేస్తారు మరి? నాకు పిండి పొంగదు," అని లేచి వల తేవడానికి వెళ్ళాడు.

రాళ్ళన్నీ బయటికి తీస్తేగానీ మేయర్ దొరకలేదు. ఓరెస్ట్ వాణ్ణి బకెట్లో వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను ఆ మెట్లు దిగలేను. దిగినా ఎక్కలేను.

ఖాళీ తొట్టి ముందు కూర్చోవడం ఎలాంటిదో ఎవరికైనా చెప్పినా అర్థం కాదు. నీళ్ళు కదులుతాయి, పగడాలు ఊగుతాయి, నత్తలు గాజు నాకుతాయి. మనుషులే కనబడని టీవీలా ఉంటుంది. ఓరెస్ట్ కింద నుంచి పైకొస్తే చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఆరబెట్టుకుని, చొక్కా మార్చుకునిగానీ హాల్లోకి వచ్చేవాడు కాదు. తడి చేత్తో ఒక్క చుక్క వచ్చినా బీడు చెడుతుందట. అంటూముట్టూ అంత నిష్ఠగా పాటించే మనిషిని నేను చర్చిలో కూడా చూడలేదు.

"మేయర్ ఎలా ఉన్నాడు?"

"శుభ్రంగా తింటున్నాడు. ఒక్క చుక్క లేదు ఒంటి మీద."

"అయితే తీసుకురా."

"వాడు బాగానే ఉన్నాడు, బాగుపడాల్సింది ఈ తొట్టి. ఇప్పుడు తెస్తే మళ్ళీ తగులుకుంటుంది. ఈసారి తట్టుకోలేడు."

"ఒక్క రోజు."

"కాదు లెసియా. ఈస్టర్‌కి."

ఫోన్లో వీడియో తీసి చూపించాడు. గోడకి విసిరికొట్టాలనిపించింది. బొమ్మని చూసి ఏం చేసుకోను, నా వేలి దగ్గరికి రాదుగా. మూర్ఖుడివన్నాను, రాయివన్నాను. చచ్చేదాని కంటే చేప ఎక్కువైందా అని కూడా అన్నాను. రొవీనా ఉండబట్టలేక, "ఆవిడ అడిగేది ఒక్క చేపేగా," అంది. ఓరెస్ట్ రొవీనాకి కూడా ఈస్టర్ అనే చెప్పాడు.

చిత్రమేమిటంటే, అలా తిట్టుకుంటూనే రోజూ పొద్దున్న ఆ మాట కోసం కాచుకుని ఉండేదాన్ని. కాఫీ తేగానే "తీసుకురా" అనేదాన్ని, "కాదు" అనేవాడు. ఆ రోజుకి నాకు ధైర్యంగా ఉండేది. అంత ఖచ్చితంగా కాదంటున్నాడంటే ఈస్టర్‌కి నేనిక్కడ కూర్చుని ఉంటానని ఆయన నమ్ముతున్నట్టేగా. డాక్టరు నమ్మడు, రొవీనా నమ్మదు, నిజం చెప్పాలంటే నేనూ నమ్మను. నమ్మేది ఆయనొక్కడే, ఆ నమ్మకం మీదే నేను తింటున్నాను, నిద్రపోతున్నాను.

బీడు సగం గడిచిందో లేదో, నాకు ఊపిరాడక పెదాలు నల్లబడ్డాయి. డాక్టరు ఇంటికొచ్చాడు. గొట్టంలో గాలి పెంచాడు, నొప్పి తెలియకుండా ఏదో చుక్కలు నాలిక కింద వేశాడు. తరవాత ఓరెస్ట్‌ని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. ఈ ఇంట్లో ఆ తలుపు వెయ్యగా నేనెప్పుడూ చూడలేదు. మాటలు వినపడలేదు. కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వినపడింది.

మర్నాడు పొద్దున్న కళ్ళు తెరిచేసరికి తొట్టిలో మేయర్ ఉన్నాడు.

ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, సంతోషంతో గుండె ఆగినంత పనైంది. పసుప్పచ్చగా మెరిసిపోతూ, రాళ్ళ సందుల్లో మూతి పెడుతూ, ఊరంతా తనదే అన్నట్టు తిరుగుతున్నాడు. అప్పుడు కిటికీలోంచి మంచు కనబడింది. పెరట్లో కంచె సగం దాకా అలాగే ఉంది, ఒక్క అంగుళం కరగలేదు.

ఓరెస్ట్ తొట్టి పక్కనే నిలబడి ఉన్నాడు. చొక్కా మార్చుకోలేదు. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఈస్టర్ రాలేదుగా," అన్నాను.

"కింద విసుగెత్తిపోతున్నాడు వాడు."

"డాక్టరేమన్నాడు?"

"ఏమంటాడు. మామూలే."

"వాణ్ణి తీసెయ్, ఓరెస్ట్. కిందకి తీసుకుపో. మళ్ళీ తగులుకుంటుంది, ఈసారి తట్టుకోలేడని నువ్వేగా అన్నావు."

"రోజూ అడిగావుగా నువ్వు."

"అడిగాను. అడగడం నా పని, కాదనడం నీది."

వల తీసుకుని నీళ్ళలో చెయ్యి పెట్టాడు. రాళ్ళ చుట్టూ రెండుసార్లు తిప్పాడు. దొరకడని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కాసేపటికి వల అలాగే వదిలేసి, తడి చేతులతోనే వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన నా మొహం వైపు చూడలేదు. రొవీనా మందుల డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది.

నాకు కోపం లేదు. భయం వేసింది, అంతే. ఇన్నాళ్ళూ లేని భయం.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఉప్పునీళ్ళకి జిగురుగా, చల్లగా ఉంది. "పోనీ, వాడిని ఉంచు," అన్నాను. "కానీ నేను అడుగుతా, నువ్వొక్కసారి కాదు అను. ఉత్తినే అయినా సరే."

నోరు తెరిచాడు. ఆ మాట మాత్రం రాలేదు.