అత్తగారి పోర్టు

పొద్దున్నే నానాజీ హాల్లోకి వచ్చి కూర్చోగానే మొదట అడిగే మాట ఒకటే. "మీ అత్త లేచిందేటమ్మా?"

కోడలు సుప్రియ మెట్ల కింద అలమర తలుపు తీసి చూసేది. అందులో ఇల్లంతటికీ నెట్ పంచే నెట్‌వర్క్ స్విచ్, దానికి వరసగా వైర్లు గుచ్చే పోర్టులు, గదికో వైరు. "వంటిల్లు" అని చీటీ అంటించిన పోర్టులో మాత్రం వైరు లేదు. అయినా దాని పచ్చ దీపం మిణుకుమంటూ ఉండేది.

"లేచేరు మామయ్యా," అని చెప్పి కాఫీ పెట్టేది.

అత్తగారు కొర్లమ్మ పోయి ఏడాది దాటింది. వంటింట్లో చిన్న టీవీ పెడతానని కొడుకు దేవీప్రసాద్ ఆ చీటీ రాశాడు. టీవీ రాలేదు, వైరు లాగలేదు, తల్లి పోయింది. పెద్దకర్మ మర్నాడు దీపం వెలిగింది. అతను కంప్యూటర్లోంచి ఆ పోర్టు ఆపేశాడు. అయినా ఆరలేదు. "అమ్మే కదా, ఉండనీ," అన్నాడు. సంవత్సరీకానికి సుప్రియ స్విచ్ మీద బంతిపూలు పెడితే మాత్రం నీళ్ళు కారతాయని తీయించేశాడు.

అతను మేడమీద గదిలో కూర్చుని ఏదో కంపెనీకి పని చేస్తాడు. ఇంట్లో నెట్ అతని రాజ్యం. ఒక్క స్విచ్‌లోనే కనబడని గోడలు కట్టి, తన గది వేరు, కెమెరాలు వేరు, కింది వాటా వేరు అని విడదీశాడు. పాస్‌వర్డ్ తన బుర్రలోనే. సుప్రియ చదువుకున్నదీ ఆ విద్యే, సర్టిఫికెట్ కూడా ఉంది. కానీ ఆ స్విచ్ మీద దుమ్ము తుడవడం వరకే ఆమె వంతు.

సరిగ్గా సమయానికి నెట్ పోయి ఆమెకి అప్పటికే రెండు ఇంటర్వ్యూలు తప్పిపోయాయి. మూడోది మర్నాడు మధ్యాహ్నం. ఇదీ తప్పితే మళ్ళీ పిలిచేది లేదని కంపెనీ వాళ్ళు చెప్పేశారు. ఫోన్ నెట్ పనికిరాదు, వైరు కనెక్షనే ఉండాలన్నది వాళ్ళ షరతు.

"స్విచ్ పాతదైపోయింది. ఆదివారం సూత్తాన్లే," అన్నాడు దేవీప్రసాద్.

"ఇంటర్వ్యూ రేపు."

"ఉద్యోగాలెక్కడికి పోతాయి? నువ్వెక్కడికి పోతావు?"

అతను మేడెక్కాక సుప్రియ తనే చూసుకుంది. వైరు మార్చింది. లాప్‌టాప్‌కి అడ్రస్ వచ్చింది. రౌటర్‌ని పలకరిస్తే పలికింది. దాని అవతల ఎవర్ని పిలిచినా జవాబు లేదు. హాల్లో మామగారి ఫోన్లో మాత్రం అదే నెట్ మీద భజనలు ఆగకుండా నడుస్తున్నాయి. అంటే ఏదీ చెడిపోలేదు. దారి ఉంది. ఆమె లాప్‌టాప్‌ని ఆ దారిన పోనివ్వొద్దని ఎవరో రూల్ రాశారు. ఎవరో ఏమిటి, ఆ ఇంట్లో రూల్స్ రాసేది ఒక్కడే.

ఆ అలమరలో, అదే అరలో, ఒకప్పుడు నల్ల ఫోను ఉండేది. గుండ్రటి డయలుకి నానాజీ ఇత్తడి తాళం వేసి బెల్లం మార్కెట్‌కి పోయేవాడు. వంకాయలు తరుగుతూ కొర్లమ్మ ఆ సంగతి కోడలికి చెప్పింది. "డయలుకి ఏసేడు గానీ, రిసీవరు పెట్టే మీటకి ఎయ్యలేదు కదే. ఏ అంకె కావాలో అన్నిసార్లు ఆ మీట తట్టేదాన్ని. రావికమతంలో మా అక్క పలికేది. మీ మామకిప్పటికీ తెలీదు."

తండ్రి తాళం ఇత్తడిది, చేత్తో తడిమి చూడొచ్చు. కొడుకు చదువుకున్నాడు మరి, తాళం కనబడకుండా వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తున్నారు. మేడమీద మొగుడు మీటింగులో ఉన్నాడు. సుప్రియ మెట్ల కింద నేల మీద కూర్చుంది. ఆ పోర్టులో ఇన్నాళ్ళూ ఎవరూ వైరు పెట్టలేదు.

"అత్తయ్యా, కాస్త జరగండి," అని వైరు పెట్టింది.

దీపం ఆరిపోయింది. అలమరలోంచి పచ్చి వంకాయ వాసన వచ్చింది. తర్వాత చెక్క మీద వేలితో తట్టినట్టు టక్, టక్, టక్. కాస్త ఆగి మళ్ళీ. తట్టడం అయిపోయాక లాప్‌టాప్‌లో ఇంటర్వ్యూ చేసే హైదరాబాద్ మేడమ్ ముఖం కనబడింది.

ఆవిడ చాలా అడిగింది. చివరికి, "లింక్ ఉంది, అడ్రస్ వచ్చింది, రౌటర్ పలుకుతోంది. బయటికి మాత్రం పోవడం లేదు. ముందు ఏం చూస్తారు?" అంది.

"ఎవరు మూసేరో చూస్తానండి."

ఆవిడ నవ్వేసింది. "మీ వెనక ఆ పెద్దావిడ ఇందాకట్నుంచి నిలబడే ఉన్నారు. కుర్చీ వేయండి పాపం."

సుప్రియ వెనక్కి చూడలేదు. పీట లాగి పక్కన వేసింది. ఇంటర్వ్యూ అయ్యాక వైరు తీస్తే పోర్టు దీపం మళ్ళీ మిణుకుమంది.

ఉద్యోగం వచ్చింది. విశాఖలో ఆఫీసు. రోజూ రైల్లో వెళ్ళి రావాలి.

"ఎవరు నెట్ వాడేరో రాసే నా లాగ్‌లో నీ లాప్‌టాప్ ఎక్కడా లేదు. ఏ పోర్టులోంచి చేసేవు?" అన్నాడు దేవీప్రసాద్.

"అత్తయ్య పోర్టులోంచి. తాళమేసిన ఫోన్లో కూడా మాటాడేవారు కదా ఆవిడ."

పేపరు చదువుతున్న నానాజీ తలెత్తాడు. "అప్పుడు కూడా మాటాడేదేటి?"

ఆయన పేపరు మడిచి పెట్టి, కుర్చీ అలమర వైపు తిప్పుకున్నాడు.

ఉద్యోగంలో చేరే రోజు పొద్దున్నే చీకటితో లేచి సుప్రియ వెళ్ళిపోయింది. రైలు దువ్వాడ స్టేషన్ దాటుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మ దీపం ఆరిపోయింది. నాన్న అలమర ముందే కూకుండిపోయేడు," అన్నాడు దేవీప్రసాద్. "ఏటి మార్చేవు నువ్వు?"

"నా దగ్గర పాస్‌వర్డ్ లేదు కదండీ."

ఒళ్ళోని బ్యాగులోంచి పచ్చటి వెలుగు మిణుకుమంటోంది. జిప్పు తీసి చూసింది. ఆపేసి ఉన్న లాప్‌టాప్ పక్కన, వైరు పెట్టే చోట, చిన్న దీపం.

ఎదురుగా చేపల గంపతో కూర్చున్నామె ఆమె మోకాలు తట్టింది.

"ఏటమ్మా, అలా సూత్తావు? మీ అత్త నిలబడే ఉంది. కిటికీ కాడ కూకోనీ. సముద్రం పక్క ఊరు ఎన్నడూ సూడనట్టుంది."

సుప్రియ లేచి కిటికీ పక్క సీటు ఖాళీ చేసింది.