లేని మనిషి బరువు

మళ్ళీ లేస్తోంది, ఇంజన్ పిడి ఇలా తిప్పానో లేదో పడవ ముక్కు లేస్తోంది, ఇందాకటి కంటే ఎక్కువే లేస్తోందేమో, ఎదురుగా నీళ్ళు కనిపించడం లేదు, అవతలి ఒడ్డు కనిపించడం లేదు, బూడిదరంగు రబ్బరు ముక్కూ దాని పైన మబ్బూ తప్ప నా ముందు ఏమీ లేదు, డబ్బాలు జారాయా అంటే జారలేదు, ముక్కులోనే ఉన్నాయి, నేను కట్టిన తాడు కట్టినట్టే ఉంది, రెండు పెద్ద డబ్బాలు, ఒక చిన్న డబ్బా, నీళ్ళతో కలిపి నలభై ఆరు కిలోలు, సరిపోవాలి కదా, ఎందుకు సరిపోవడం లేదు, పిడి తగ్గిస్తే ముక్కు దబ్బున పడుతోంది, నా పడవ లేపిన అలే నన్ను తరుముకొచ్చి ఇంజన్ బిగించిన పలక మీదుగా లోపలికి చిమ్ముతోంది, చెప్పులు తడిసి బరువెక్కాయి, పెంచితే లేస్తుంది, తగ్గిస్తే నీళ్ళు, మధ్యలో ఎక్కడో ఒక చోటు ఉండాలి, ఏడో తరగతి పిల్లలకు తులాదండం పాఠం చెప్పేవాణ్ణి, ఆధారం ఇక్కడ, బరువు అక్కడ, దూరం ఇంత అని బోర్డు మీద గీసి చూపించేవాణ్ణి, ఒక రబ్బరు పడవను నీళ్ళ మీద సమంగా నిలపలేనా, గట్టు మీద నుంచి బావమరిది చూస్తున్నాడు, ఇంత దూరం నుంచి వాడి ముఖం కనిపించదు గాని వాడు నవ్వడం లేదని తెలుస్తోంది, నవ్వుతుంటే బాగుండేది, వాడు నవ్వకుండా నిలబడ్డాడంటే నిజంగా భయపడుతున్నట్టే.

పొద్దున నవ్వాడు, కొళాయి దగ్గర నేను డబ్బాలు నింపుతుంటే మెడలో టేపుతో వచ్చాడు, దర్జీ, ఆ టేపు మెడలో వేసుకునే పుట్టాడని వాళ్ళక్క ఏడిపించేది, ఏంటి బావా, అవతల ఒడ్డున నీళ్ళు దొరకవనా ఇక్కణ్ణుంచి మోస్తున్నావు, అన్నాడు, బరువు కోసంరా అన్నాను, బరువా, నువ్వు చాలవా, నీ చొక్కాకు గుడ్డ ఎంత పడుతుందో నన్నడుగు, అన్నాడు, నవ్వాను, ఈ మధ్య నవ్వితే దవడలు నొప్పి పెడుతున్నాయి, తర్వాత వాడు నవ్వు ఆపి డబ్బా మూత బిగిస్తూ, చూడు బావా, సైకిలు మీద నుంచే పడ్డ మనిషివి నువ్వు, మా అమ్మను పడవలో తీసుకొస్తానంటున్నావు, ఒకసారి సగం దాకా వెళ్ళి తిన్నగా తిరిగి రా, ముక్కు లేవకుండా రా, నేను గట్టు మీదే ఉంటా, అప్పుడు మాట్లాడదాం, లేకపోతే ఆ చేపలాయన అడుగుతున్నాడుగా, పడవ ఆయనకిచ్చేద్దాం, అమ్మకు నేనే ఏదో ఒకటి చెప్పుకుంటా, అన్నాడు, ఏం చెబుతాడు, అత్తయ్యకు ఇంకా ఏం చెప్పడం మిగిలుంది, కాలు విరిగి ఆ ఒడ్డున ఆమె మంచంలో ఉండగానే ఈ ఒడ్డున కూతురు పోయింది, చివరి చూపు దక్కలేదు, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది, బస్సంటే చుట్టూ తిరిగి కొండ ఎక్కి దిగాలి, రెండో మలుపు తిరక్కముందే ఆమెకు కడుపులోది బయటికొస్తుంది, దాని ఇల్లు చూడాలి బాబూ, అది పడుకున్న గదిలో కాసేపు కూర్చోవాలి, దాని పడవ ఉందిగా, అందులో తీసుకెళ్ళు, అని ఫోనులో అడిగింది, అల్లుణ్ణి ఏనాడూ ఏమీ అడగని మనిషి, కాఫీ తాగుతావా అని తప్ప, అలాగే అత్తయ్యా అన్నాను, ఆలోచించకుండా అనేశాను, ఇంజన్ తాడు ఎంత గట్టిగా లాగాలో కూడా తెలియనివాణ్ణి, ఇప్పుడు ఈ ముక్కు దిగకపోతే ఆమెను ఎక్కించుకోలేను, ఎక్కించుకోలేకపోతే ఆమె ఆ గది చూడదు, అంతే, ఇంత చిన్న విషయం.

ఇంజన్ గొంతు మారింది, కీచుమంది, గాలి మింగిందా, మెకానిక్ చెప్పిందదేనా, మెకానిక్ మంచివాడే, అడిగిందే అడిగినా విసుక్కోడు, నిన్న ఇంజన్ను వెనక పలకకు బిగించి, నేల మీద బోర్లా పడుకుని చూసి, ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక రేకు ఉంది చూశారా మాస్టారూ, అది పడవ అడుగుతో సమంగా ఉండాలి, పైకుంటే గాలి మింగి ఉత్తినే అరుస్తుంది, కిందికుంటే నీళ్ళను ఈడ్చుకుంటూ పోతుంది, ఇది సరిగ్గానే ఉంది, మేడమ్ పెట్టించుకున్నట్టే ఉంది, అన్నాడు, కింద బ్రాకెట్‌లో వరసగా రంధ్రాలు, ఒకదాంట్లో పిన్ను, ఆ పిన్ను ఒక రంధ్రం లోపలికి మారిస్తే ముక్కు కాస్త దిగుతుంది, మార్చమంటారా అన్నాడు, వద్దు అన్నాను, మరీ గట్టిగా అన్నానేమో, చేతిలో స్పానర్ కింద పెట్టేశాడు, ఆ పిన్ను అక్కడ పెట్టింది నా భార్య, ఊళ్ళు తిరిగే నర్సు, టీకాల పెట్టె వేసుకుని ఆ ఒడ్డు పల్లెలన్నీ ఈ పడవలోనే తిరిగింది, తను పెట్టినదాన్ని కదిలించడం నా వల్ల కావడం లేదు, అద్దం ముందు దువ్వెన కూడా తను పెట్టినచోటే ఉంది, దుమ్ము మాత్రం తుడుస్తున్నాను, సరే మాస్టారూ, అయితే ముందు బరువు పెట్టండి, ఇది ఇద్దరికి కుదిర్చిన పడవ, ఇప్పుడు ఒక్కరే, లేని మనిషి ఎంత ఉంటే అంత బరువు ముక్కులో పెట్టి చూడండి, అన్నాడు, అనేసి నాలుక కరుచుకున్నాడు, ఫర్వాలేదయ్యా అన్నాను, ఫర్వాలేదనడం నాకు బాగా అలవాటైంది, లేని మనిషి ఎంత, అది ఎవరూ అడగరు, వయసు అడుగుతారు, జబ్బు అడుగుతారు, పిల్లలున్నారా అని అడుగుతారు, ఆసుపత్రిలో మాత్రం వారం వారం కాటా ఎక్కించేవారు, ఎక్కిన ప్రతిసారీ అంకె దిగింది, ఆఖరిసారి ముప్పై ఒకటి, తనే వంగి చదువుకుని, చూశారా మాస్టారూ, బడిపిల్లనైపోయాను, మీ క్లాసులో చేర్చుకోండి, అంది, సీట్లు లేవు అన్నాను, సిఫారసు తెచ్చుకుంటా అంది, పొద్దున కొళాయి కింద డబ్బా పెట్టి, ఏ బరువు నింపాలో తెలియక, కట్టేయడం మరిచి నిలబడ్డాను, నీళ్ళు పొర్లి పాదాల మీద నుంచి పోతున్నాయి, ముప్పై ఒకటి నింపడానికి చేతులు రాలేదు, ఒంట్లో బాగున్నప్పటి నలభై ఆరు నింపాను, ఇద్దరం అత్తయ్య ఇంటికి వెళ్ళిన ఆదివారాల బరువు, అదే, సరిగ్గా అదే ఇప్పుడు నా ఎదురుగా ముక్కులో తాడు కట్టించుకుని కూర్చుంది, అయినా పడవ లేస్తోంది.

సగం వచ్చేశాను, ఇక తిప్పాలి, తిప్పుతున్నాను, మెల్లగా, మెల్లగా, ఇంతవరకూ వీపున తోసిన గాలి ఇప్పుడు ముఖాన కొడుతోంది, ఇది నేను అనుకోలేదు, వచ్చేటప్పుడు గాలి ఉందనే తెలియలేదు, లేచిన ముక్కు కిందికి గాలి దూరుతోంది, ఎవరో అరచెయ్యి పెట్టి ఎత్తుతున్నట్టుంది, ముక్కు ఎడమకు కొట్టుకుపోతోంది, సరిచేస్తే కుడికి, ఇంకొంచెం లేస్తే వెనక్కి తిరగబడుతుంది, నా మీదికే తిరగబడుతుంది, మణికట్టుకు ఎర్రతాడు కట్టుకున్నానా, కట్టుకున్నాను, మనిషి పడిపోతే ఈ తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుందట, ఇంజన్ ఆగితే ఆగుతుంది, నా మాటేమిటి, నాకు ఈత వచ్చు, అత్తయ్యకు రాదు, అత్తయ్య ఉంటే ఇప్పుడు ఎక్కడ పట్టుకునేది, కర్ర ఎక్కడ పెట్టుకునేది, బావమరిది ఏదో అరుస్తున్నాడు, మాటలు సగం గాలికి పోయి బావా, బావా అన్నది మాత్రం వస్తోంది, వాడి మాటే నిజమా, పడవ చేపలాయనకు ఇచ్చేయాలా, ముందు ట్యూబులో గాలి తగ్గిందేమో, చేయి చాపి నొక్కాను, రాయిలా ఉంది, మరి అడుగున నీళ్ళు చేరి వెనక్కి వచ్చాయా, వచ్చాయి గాని చెంబెడు కూడా ఉండవు, పలక వంగిందా, లేదు, బరువు తప్పా, నలభై ఆరు తప్పా, నలభై ఎనిమిదేమో, పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చినప్పుడు నలభై ఎనిమిది ఉండేదేమో, ఆమె బరువు కూడా నాకు సరిగ్గా తెలియదా, ఇన్నేళ్ళు పక్కన ఉండి అదైనా తెలియదా, కొంచెం ముందుకు జరగండి మాస్టారూ, ముక్కు లేస్తోంది, ఇంకొంచెం, ఆ, కదలకండి, ఆ పొట్ట దయవల్లే బతికిపోతున్నాం మనం, అని తను అనేది, గాలి ఉన్న ప్రతి ఆదివారం అనేది, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వచ్చేది, వెనక నుంచి, ఎప్పుడూ వెనక నుంచే, ఎంత గాలి ఉన్నా నా మెడ వెనకే వినిపించేది, తల తిప్పి చూశాను, పిచ్చివాడిలా నిజంగానే చూశాను, వెనక ఇంజన్ ఉంది, దాని వెంట తెల్లటి నురగ ఉంది, మధ్యలో ఇంకెవరూ కూర్చునే చోటు లేదు, అక్కడ కూర్చున్నది నేనే.

నేనే, పిడి పట్టుకుని తన చోట్లో కూర్చున్నాను, ముందు కూర్చునేది నేను కదా, ఎనభై ఆరు కిలోలు, కాళ్ళు చాపుకుని, రెండు చేతులా తాడు పట్టుకుని, ముందు నేను, వెనక తను, అప్పుడు సరిపోయేది, ఇప్పుడు వెనక ఎనభై ఆరు పెట్టి ముందు నలభై ఆరు పెట్టి ఎందుకు లేస్తోంది ఎందుకు లేస్తోంది అని నీళ్ళనడుగుతున్నాను, ఏడో తరగతిలో ఆఖరి బెంచీవాడైనా చెయ్యెత్తేవాడు సార్ అటుది ఇటు పెట్టారని, లేని మనిషి అనగానే నాకు ఒక్క మనిషే గుర్తొచ్చింది, పిడి తగ్గించాను, వెనక ట్యూబు మీద నుంచి దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాను, పెట్రోలు డబ్బాను గొట్టం సాగినంత ముందుకు తోశాను, నేనూ చేయి సాగినంత ముందుకు జరిగాను, ఇంకొంచెం, భుజం పట్టేస్తోంది, పట్టేయనీ, మెల్లగా పిడి తిప్పాను, ముక్కు లేవబోయి, ఆగి, దిగింది, దిగి నీళ్ళ మీద పడుకుంది, అల దాని కింద నుంచి వస్తూ నా మోకాళ్ళ కింద ఒకటి రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది, ఎదురుగా నీళ్ళు కనిపిస్తున్నాయి, గట్టు కనిపిస్తోంది, గట్టు మీద బావమరిది రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని నిలబడ్డాడు, వాడి భయం ఇంకా పోలేదు, దగ్గరికి వెళ్ళాక చెప్పాలి, ఒరేయ్, మీ అమ్మ తేలిక మనిషి కాదుగా, బస్సులో ఇద్దరి చోటు కావాలని నువ్వే ఎగతాళి చేస్తావుగా, ఆ బరువే కావాలి ఈ పడవకు, ముందు చాప వేసి, వీపుకు దిండు పెట్టి కూర్చోబెడతాను, ముక్కు లేవమన్నా లేవదు, నేనెక్కితే మునుగుతుందేమో బాబూ అంటుంది అత్తయ్య, మీరెక్కితేనే తేలుతుంది అత్తయ్యా అనాలి, మెకానిక్‌ను పిలిచి పిన్ను ఒక రంధ్రం లోపలికి మార్పించాలి, అది వెనక తను ఉన్నప్పటి లెక్క, ఇప్పుడు వెనక నేను, మార్పించవచ్చు, మారిస్తే ఏమీ కాదు.

గాలి ఇంకా ముఖానే కొడుతోంది గాని పడవ దాన్ని కోసుకుంటూ పోతోంది, ఇక్కణ్ణుంచి ముక్కు దాకా అంతా కనిపిస్తోంది, నేను కూర్చునే చోటు, నా మడమలు ఒరుసుకుని రంగు పోయిన రబ్బరు, నేను పట్టుకునే తాడు, ముందు కూర్చున్నవాడికి నీళ్ళూ ఒడ్డూ తప్ప పడవ కనిపించదు, వెనక కూర్చున్నవాళ్ళకు మనిషి కనిపిస్తాడు, అతను జరిగితే, తూలితే, కునుకు తీస్తే మొదట వాళ్ళకే తెలుస్తుంది, తను అన్ని ఆదివారాలూ ఇక్కడే కూర్చుని నా వీపు చూస్తూ నన్ను ఆ ఒడ్డుకు చేర్చింది, ఇది ముందున్న మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్ళ చోటు, ఇంతకాలం ఆమె చోటు ఖాళీ అయిందనే అనుకుంటున్నాను, ఖాళీ అయింది నా చోటు, ఆమె చోట్లో నేనున్నాను.