మూడు లీటర్ల నీళ్లు

ఐదేళ్లలో మూడో రాయి. ఉప్పల్ డాక్టరు దాన్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఆమని ముందు పెట్టాడు.

"నీళ్లు తాగుతున్నవా?"

"తాగుతున్న సార్."

"అబద్ధం. ఎడమ కిడ్నీ ఇప్పటికే సగం పోయింది. ఇంకో రాయి అడ్డం పడితే మొత్తం తీసేసుడే. రోజుకు మూడు లీటర్లు తాగాలె. బతికినన్ని రోజులు."

"తాగితే మాటిమాటికి పోవాలె కద సార్."

"పో. ఎవరొద్దన్నరు?"

వద్దనే మనిషి పేరు సంతోషి. నాచారంలోని మందుల ప్యాకింగ్ కంపెనీలో ఆమని లైనుకు సూపర్‌వైజర్. ఇరవై నాలుగు మంది ఆడవాళ్లకు బాత్రూం కార్డు ఒక్కటే. ఎర్రది, కొక్కేనికి వేలాడుతుంటుంది. మెడలో వేసుకుని వెళ్లాలి, వచ్చి మళ్లీ తగిలించాలి. షిఫ్టుకు మనిషికి రెండు సార్లు; కార్డు తీసినప్పుడల్లా సూపర్‌వైజర్ రిజిస్టర్‌లో పేరు పక్కన టిక్కు పెడుతుంది. మూడోసారి వెళ్తే సగం రోజు హాజరు కోత.

ఆమని డాక్టరు చీటీ చూపించింది. సంతోషి దాన్ని లైనంతా వినేలా చదివింది.

"మూడు లీటర్లట! పనికొచ్చినవా, బోరు ఏసెటందుకొచ్చినవా? ఓ రాళ్ల ఆమనీ, కడుపుల క్వారీ పెట్టినవేందే?"

అందరూ నవ్వారు. పక్క సీటు పద్మశ్రీ నవ్వలేదు. ఆమెది ఏలూరు వైపు. యాభై దాటాయి. భర్త మంచాన పడ్డాడు, ఆమె జీతంతోనే ఇల్లు నడుస్తోంది. మర్నాడు భోజనాల వేళ ఆమని చేతిలో ఒక ఎర్ర కార్డు పెట్టింది. అచ్చం కొక్కేనికి ఉన్నదాని లాంటిదే.

"ఫైలు అట్ట కోసి లామినేషన్ చేయించానమ్మాయ్. మెడలో వేసుకుని వెళ్లిరా, దారిలో ఎవరూ ఆపరు. ఆవిడ ఫోన్లో ఉన్నప్పుడే సుమా."

నెల రోజులు సాగింది. ఆమని తాగింది, వెళ్లింది. నడుంలో పోటు మళ్లీ రాలేదు.

ఆ తర్వాత పట్టుబడింది. సంతోషి ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి కార్డు కొక్కేనికే ఉంది. బాత్రూం నుంచి వస్తున్న ఆమని మెడలో ఇంకొకటి ఉంది.

స్టోర్ రూంలోకి లాక్కెళ్లి తలుపు మూసింది.

"ఎవరు జేసిచ్చిన్రు? నీకంత తెలివి లేదు."

సంతోషి ఆ కార్డును ఆమని మెడలోంచి లాగేసుకుంది.

"సోమవారం సంది నేను డిస్పాచ్‌కు పోతున్న. నా కుర్చీల ఎవరిని కూసోబెట్టాల్నో మేనేజర్ నన్నే అడిగిండు. కుర్చీల కూసున్నోళ్లకు కార్డుతోని పని లేదు. ఎన్నిసార్లన్న పోవచ్చు. ఎంతన్న తాగు. కాకపోతే ఒక్కదాన్ని మూడోసారి పంపినవా, మళ్ల లైన్లకే. చెప్పు, పేరు చెప్పి కుర్చీల కూసుంటవా, గేటు బయటికి పోతవా?"

ఆమని చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ పక్కకు వెళ్లింది.

"పద్మశ్రీ ఆంటీ," అంది.

టీ వేళకే పద్మశ్రీని పంపించేశారు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఆమని దగ్గర ఆగింది.

"ఎవరో చూసి చెప్పేసినట్టున్నారు. నువ్వేం భయపడకు. నేనే బలవంతంగా ఇచ్చానని చెప్పానులే."

ఆమని తలెత్తలేదు. చేతిలోని మాత్రల అట్టలను పెట్టెలో సర్దుతూనే ఉంది.

సోమవారం కుర్చీలో కూర్చుంది. నాలుగు నెలల తర్వాత స్కానింగ్ తీస్తే రెండు వైపులా శుభ్రంగా ఉంది.

"శెభాష్! ఏం జేసినవ్?" అన్నాడు డాక్టరు.

"నీళ్లు తాగిన సార్."

మర్నాడు మధ్యాహ్నం సిరి లేచి వచ్చింది. పద్మశ్రీ సీటులో చేరిన కొత్త పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి. ఒక పక్కకు వంగిపోయి, నడుం పట్టుకుని నిలబడింది. పెదాలు తెల్లబడ్డాయి.

"అక్కా, జర కార్డియ్యవా. పోటు నడుంల నుంచి కిందికి గుంజుతున్నది. మంటకు పానం పోతున్నది."

ఆ నిలబడడం చూడగానే ఆమనికి అర్థమైంది. రిజిస్టర్ తిప్పింది. సిరి పేరు పక్కన రెండు టిక్కులు ఉన్నాయి.

"నీ రెండు సార్లు అయిపోయినయ్."

"నీ కాళ్లు మొక్కుత అక్కా. ఒక్కసారి."

"రాయి అయ్యుంటది," అంది ఆమని రిజిస్టర్ మూస్తూ. "నీళ్లు మస్తుగ తాగాలె. పోయి కూసో."