కుడిపక్క పువ్వు

తడి కనకాంబరం.

చెంబులో ముంచి తీసి, టీవీ పెట్టెకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి అంటించింది రుక్మిణమ్మ. నున్నటి చెక్క మీద రెండు ఎర్రటి చుక్కలు.

కుడి పువ్వు రాలితే ఔను. ఎడమ పువ్వు రాలితే కాదు.

గుళ్ళో దేవుణ్ణి అడిగేది ఇట్లానే. తడిపిన పువ్వులు పెట్టి, మనసులో మాట మనసులోనే అడిగి, ఏది ముందు రాలుతుందా అని చూస్తూ కూర్చోవడం. పుంగనూరులో పిల్లకు సంబంధం ఖాయం చేసుకోవాలన్నా పువ్వే, బోరు ఎక్కడ వేయాలన్నా పువ్వే. టీవీని పువ్వు అడిగింది మాత్రం రుక్మిణమ్మ ఒక్కతే. మొదటివారం అందరూ నవ్వారు. రెండోవారం సగం మంది నవ్వారు.

ఇరవై ఆరోవారం… ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు సీరియల్‌కు ఆఖరి రోజు.

టీవీ మిలటరీ సుబ్రహ్మణ్యానిది. ఆ వీధి మొత్తానికీ అదొక్కటే. పదిహేనేళ్ళు ఉత్తరదేశంలో సిపాయిగా పనిచేసి, కాస్త పింఛనూ బోలెడంత హిందీ వెంటబెట్టుకుని ఊరు చేరాడు. ఆదివారం పదిన్నరకు పెట్టె చెక్క తలుపులు తీసి, పక్కన స్టూలు వేసుకుని, అందులో వాళ్ళు హిందీలో మాట్లాడుతుంటే తెలుగులో చెప్పేవాడు. చాపల మీద ఆడవాళ్ళు. గుమ్మంలో మగవాళ్ళు. ఎనభై ఎనిమిదిలో, ఎండాకాలంలో మొదలైన కథ వానలదాకా సాగింది.

కథ చిన్నదే.

గౌరి అనే పిల్ల ఏట్లో మునిగి చచ్చిపోయింది. చచ్చిపోయినా ఇల్లు మరవలేదు. వారం వారం తడిబట్టలతో వచ్చి వాకిట్లో నిలబడుతుంది. గడప దాటలేదు. లోపలివాళ్ళు ఎవరైనా పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే చాలు… లోపలికి వచ్చేస్తుంది, అన్నం తింటుంది, జడ వేయించుకుంటుంది. కానీ లోపలివాళ్ళకు ఆ పిల్ల కనిపించదు. రాతి మీద తడి అడుగులు కనిపిస్తాయి. గుడ్డపెట్టి తుడిచేస్తారు.

ఆ ఇంటి అవ్వకు మాత్రం కనిపిస్తుంది.

ఆ అవ్వకేమో మాట పడిపోయింది.

ఇంకేం కావాలి జనానికి! కుళాయి దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా అదే మాట. బీడీలు చుట్టే కొండప్ప కట్ట బీడీలు పందెం కాశాడు, అవ్వ పిలిచి తీరుతుందని. ఎదురింటి ముసలి వెంకటలక్ష్మమ్మ అయితే ఆ అవ్వకు మాట రావాలని గంగమ్మకు కోడిని మొక్కుకుంది. మదనపల్లెలో ఏదో హోటల్లో టీవీ ముందు తోసుకుని అద్దాల బీరువా పగలగొట్టారట. కుప్పం నుంచి రుక్మిణమ్మకు చెల్లెలు ఆదెమ్మ రాసిన కార్డులో క్షేమసమాచారం రెండు ముక్కలే. మిగతాదంతా అదే. “ముసిల్ది పిలస్తాదా అక్కా? నాకు నిద్ర పట్టడం లేదు.”

ఆదెమ్మకు నిద్ర పట్టకపోవడానికి వేరే కారణం ఉంది.

రుక్మిణమ్మకూ ఉంది.

రెండేళ్ళ కిందట, ఇట్లాంటి ముసుర్లోనే, రుక్మిణమ్మ కూతురు జయమ్మ కుప్పం బస్సెక్కింది. పిన్నికి చింతపండు ఇచ్చి రమ్మని తల్లే పంపింది. వాన తగ్గినాక పోనీలే అన్నాడు తండ్రి గంగులయ్య. చింతపండుకు బూజు పడుతుందని ఈమె వినలేదు.

పలమనేరు దాటాక వంక పొంగింది.

బస్సును నీళ్ళు ఈడ్చుకుపోయాయి. పద్నాలుగు మంది దొరికారు. జయమ్మ చేతిసంచి దొరికింది. చింతపండు కరిగి సంచి అంతా పుల్లటి వాసన. జయమ్మ దొరకలేదు.

వీధి ఆడవాళ్ళు తలకు పోసుకోవడానికి లేచారు. చావు జరిగినాక తలకు పోసుకోవాలి కదా. రుక్మిణమ్మ జుట్టు విరబోసుకుని వాకిట్లో అడ్డం నిలబడింది.

“నా బిడ్డ సావలేదు. ఎవురూ తలకు పోసుకోవద్దండి. పోసుకున్నోళ్ళు నా గడప తొక్కొద్దండి!”

ఎవరూ పోసుకోలేదు. కాచిన నీళ్ళు కాచినట్టే చల్లారిపోయాయి. గంగులయ్య కూడా పోసుకోలేదు. ఏడాది తిరిగింది, దివసం పెట్టలేదు. రెండో ఏడూ వచ్చింది.

ఆ రోజు నుంచి ఆమె బిడ్డ పేరు పలకలేదు. పేరు పెట్టి ఏడిస్తే పోయినట్టే కదా. ‘అది’ అంటుంది. అది వస్తాది. అది తింటాది. రాత్రి తలుపుకు గడియ పెట్టదు.

సీరియల్ మొదలైన నెలకు గంగులయ్య మళ్ళీ కర్మ మాట ఎత్తాడు. బిడ్డ యాడుందో, దాహానికి నీళ్ళయినా వదలకుంటే ఎట్లా అన్నాడు.

“ఆ కత అయిపోయేదాకా ఆగయ్యా,” అంది రుక్మిణమ్మ. “ఆ పిల్ల గడప దాటితే ఇదీ దాటతాది. దాటకపోతే… నేనే నీళ్ళు కాస్తా.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు గంగులయ్యకు. సరే అన్నాడు. పొలం పని మానుకుని మరీ ప్రతి ఆదివారం గుమ్మంలో నిలబడ్డాడు. కథ ఎప్పుడు అయిపోతుందా అని చూసినవాడు ఆ వీధిలో అతనొక్కడే.

ఇరవై అయిదు వారాలు కుడి పువ్వే రాలింది.

ఒక్కసారీ ఎడమది రాలలేదు.

ఆ ఆదివారం సన్నగా తుంపర. గది నిండా తడిబట్టల వాసన, వెల్లుల్లి వాసన. తెర మీద చీమలు పాకినట్టు చుక్కలు… ఎవరో మిద్దెక్కి యాంటెన్నా తిప్పారు. గౌరి కనిపించింది. గడప అవతల. జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

అవ్వ మంచంలో ఉంది. ఊపిరి అందడం లేదు. తల తిప్పి గడప వైపు చూసింది.

నోరు తెరిచింది.

సుబ్రహ్మణ్యం తెలుగు చెప్పడం మానేశాడు. అవసరం లేదు. వెంకటలక్ష్మమ్మ పెదవులు వాటంతటవే కదులుతున్నాయి… పిలువే, పిలువే తల్లీ. రుక్మిణమ్మ చాప మీద ముందుకు జరిగింది. కొంగు రెండు చేతుల్లో నలిగిపోతోంది.

నోరు తెరిచే ఉంది.

శబ్దం రాలేదు.

అవ్వ పోయింది. నోరు అట్లా తెరుచుకునే పోయింది. శవాన్ని గుమ్మంలోంచి బయటికి తెచ్చారు. గౌరి పక్కకు ఒదిగి దారి ఇచ్చింది. తరువాత తలుపులు మూశారు. తాళం వేశారు. ఇంటివాళ్ళు ఊరు విడిచి పోయారు. రాతి మీద తడి అడుగులు వెనక్కి తిరిగి, ఏటి వైపు…

అంతే. పేర్లు పడ్డాయి. ఆ వెంటనే బట్టల సబ్బు ప్రకటన.

కుడి పువ్వు రాలింది.

ఎవరూ చూడలేదు. రుక్మిణమ్మ చూసింది.

ముందుగా కొండప్పకు నోరొచ్చింది. “కత రాసినోని సెయ్యి పడిపోను! ఇదేం కతరా నాయనా!” అంటూ చేతిలోని బీడీల కట్ట నేలకేసి కొట్టాడు. ఇంకెవరో సబ్బు ప్రకటననే తిట్టారు. అప్పుడు వెంకటలక్ష్మమ్మ గుండెలు బాదుకుంది.

“పిలిసేవాళ్ళు లేక పోయినావే తల్లీ… నీళ్ళల్లోనే పోతివే… జయమ్మా…”

గది మొత్తం బిగుసుకుపోయింది.

గౌరి అనబోయి జయమ్మ అంది ముసలామె. అన్న తరువాత చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆలస్యమైపోయింది. ఒకామె వెక్కింది. పక్కామె వెక్కింది. రెండేళ్ళుగా గొంతుల్లో దాచుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. టీవీలో ఎవరో తెల్లచొక్కా చూపించి నవ్వుతున్నారు. ఎదురుగా ముప్పై మంది ఏడుస్తున్నారు. ఎవరి కోసమో అందరికీ తెలుసు. ఎవరూ రుక్మిణమ్మ మొహం చూడలేదు.

వెంకటలక్ష్మమ్మే ముందు లేచింది. “సావు సూసినాం గదమ్మా. తలకు పోసుకోవల్ల. పాండి,” అంది, గోడకు చెబుతున్నట్టు.

లేచారు. ఒక్కొక్కరే, రుక్మిణమ్మను తగలకుండా, గోడవారగా వెళ్ళిపోయారు. గుమ్మంలో గంగులయ్య అప్పటికే లేడు.

టీవీలో బొమ్మకు చావు నీళ్ళు పోసుకున్న వీధి ఇంకెక్కడైనా ఉందో లేదో. ఆ వీధి పోసుకుంది. ఆదివారం పూట ఏ ఇంట్లోనూ పొయ్యి మీదికి కూర ఎక్కలేదు. నీళ్ళే ఎక్కాయి. పెరళ్ళలో పొగ. చెంబుల చప్పుడు. రెండేళ్ళ కిందట చల్లారిపోయిన నీళ్ళు…

సుబ్రహ్మణ్యం స్విచ్చి ఆపాడు. తెర మధ్యలో తెల్లటి చుక్క చిన్నదై, చిన్నదై, ఆరిపోయింది.

రుక్మిణమ్మ ఇంకా చాప మీదే ఉంది. రాలిన పువ్వు ఏరుకుని చేతిలో పెట్టుకుంది.

“అక్కా,” అన్నాడతను. “ఒక మాట శానా దినాలుగా సెప్పాలని… ఆపక్క పెట్టె లోపల వేడెక్కువక్కా. మదనపల్లె మెకానిక్కు సెప్పినాడు. అందుకే ఆ పువ్వు ముందు ఎండతాది. నేనే సెప్పలేక…”

“తెలుసు లేప్పా,” అంది రుక్మిణమ్మ.

అతను తల ఎత్తాడు.

“మూడోవారమే సెయ్యి పెట్టి సూసినా. ఎచ్చగా ఉండాది. జొరమొచ్చిన బిడ్డ ఒళ్ళు మాదిరి.” లేచి చాప చుట్టింది. “తెలిసే పెట్టినా.”

ఇంటికి పోయింది. నాలుగు అడుగులే. వీధి బురద నిండా తడి పాదాల గుర్తులు… తలకు పోసుకుని వచ్చినవాళ్ళవి. చిన్నవి, పెద్దవి. ఒక జత పాదాలు ఆమె వాకిలి దాకా వచ్చి ఆగిపోయి ఉన్నాయి. వెంకటలక్ష్మమ్మవే కావచ్చు. పలకరించలేక వెనక్కి పోయి ఉంటుంది.

చాలాసేపు ఆ గుర్తుల్నే చూసింది రుక్మిణమ్మ.

పెరట్లో గంగులయ్య రాగి అండా కింద మంట వేశాడు. నీళ్ళు సల సల కాగుతున్నాయి. భుజాన తువ్వాలు, చేతిలో చెంబు. రమ్మని పిలవలేదు. మాట గుర్తు చేయలేదు. అలా నిలబడ్డాడు. కళ్ళలోకి పొగ పోతున్నా పక్కకు జరగలేదు.

నేనే నీళ్ళు కాస్తానంది ఆమె. అతనే కాచాడు.

ఆమె లోపలికి వచ్చింది. గడపకు ఇవతల, వీధి వైపు తిరిగి కూర్చుంది. తలుపు బార్లా తెరిచే ఉంది. తుంపర గడప మీద పడుతోంది.

చింతపండుకు బూజు పడితే పడనీ అని ఆ రోజు అనలేకపోయింది. ఒక్క మాట. అంటే సరిపోయేది.

నోరు తెరిచింది.

ఆ అవ్వలాగే తెరిచిన నోరు తెరిచినట్టే…

“జయమ్మా…”

వీధి మొత్తం విన్నది. తడి తలలతో ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. ఏడ్చిందా, పిలిచిందా… ఎవరికీ తెలియలేదు. ఆమెనడిగినా చెప్పలేకపోయేది.

“జయమ్మా…”

చెయ్యి గడప మీదికి చాచి గుప్పిలి విప్పింది. ఎండిపోయిన పువ్వు మీద వాన చినుకు పడింది.

తడి కనకాంబరం.

అరచేతికి అంటుకుంది. చెయ్యి వంచినా రాలలేదు.