ఎనభై మూడో నిమిషం

హాల్డెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ జట్టు కప్పు ఫైనల్‌కి చేరిందంటే ఊళ్లో సగం మంది నమ్మలేదు. మిగతా సగం మందికి తాము పుట్టినప్పటినుంచీ ఆ జట్టు అభిమానులమేనన్న సంగతి హఠాత్తుగా గుర్తొచ్చింది. డెస్మండ్ ఈ రెండో సగంలోని మనిషి. బ్యాంకులో డిప్యూటీ మేనేజరు. ఆయన ఆ జట్టు ఆటకి వెళ్లింది మొత్తం రెండుసార్లు. ఒకసారి పెళ్లికి ముందు, కాబోయే మామగారి మెప్పు కోసం. రెండోసారి దారి తప్పి.

మామగారు విల్ఫ్రెడ్ సంగతి వేరు. తన జట్టు ఓడిపోతుంటే చూడడానికి యాభై ఎనిమిదేళ్లుగా, వానైనా మంచైనా, టికెట్ కొనుక్కుని వెళ్తున్న మనిషి. వెళ్లిన ప్రతి ఆటకీ క్లబ్బువాళ్లు కార్డులో పాయింట్లు వేస్తారు. వెంబ్లీ స్టేడియంలో జరిగే ఫైనల్‌కి టికెట్లు పాయింట్లు ఎక్కువున్నవాళ్లకే ముందు, కార్డుకి రెండు. విల్ఫ్రెడ్ కార్డు చూసి కౌంటర్లో అమ్మాయి లేచి నిలబడిందట.

"ఒకటి నాకు, ఒకటి నీకు అల్లుడూ. వెంబ్లీలో మనవాళ్లని చూసి చచ్చిపోయినా ఫరవాలేదు" అన్నాడు ముసలాయన. ఈ కథలో ఆయనకి కావలసింది అదొక్కటే.

డెస్మండ్‌కి కావలసింది ఏరియా మేనేజరు కుర్చీ. అది ఎవరికివ్వాలో తేల్చేది టఫ్నెల్ గారు. ఆయన ఒకరోజు బ్యాంకు క్యాంటీన్లో బిస్కెట్టు టీలో ముంచుతూ, "ఈ ఫైనల్ ఏదో ఒకసారి చూస్తే బాగుంటుందోయ్" అన్నాడు, ఎండ బాగా కాస్తోందోయ్ అన్నట్టు.

"నా దగ్గర ఇంకో టికెట్ ఉంది సార్" అనేశాడు డెస్మండ్. నోరు ముందు వెళ్లింది, మనస్సాక్షి తర్వాతి బస్సులో బయల్దేరింది. అది ఇప్పటికీ చేరలేదు.

ఆ ఆదివారం మాంసం కూరా, బంగాళదుంపలూ అయ్యాక డెస్మండ్ గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యగారూ, వెంబ్లీలో మెట్లెన్నో తెలుసా?"

"ఎన్నయితేనేం? పొద్దున్నే మొదలెడతాను. మూడింటికల్లా పైనుంటాను."

"మీ సంగతి కాదండీ. వెనకవాళ్లకి ఇబ్బంది కదా."

ఆ దేశంలో వెనకవాళ్లకి ఇబ్బంది అన్న మాట ముందు ఏ వాదనా నిలవదు. ముసలాయన చెంచా కింద పెట్టాడు. కూతురు గ్లెనిస్ కేసి చూశాడు. గ్లెనిస్ బఠాణీల గిన్నె కేసి చూసింది. ఆవిడకి పెద్ద కారు మీద ఆశ ఉంది.

"టీవీలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది నాన్నా" అంది గిన్నెతోనే.

"కనిపిస్తుంది" అన్నాడు విల్ఫ్రెడ్. రెండు టికెట్లూ జేబులోంచి తీసి ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టాడు. "నా బదులు ఎవరొస్తున్నారు?"

"మా టఫ్నెల్ గారు. ఆయనకి ఫుట్‌బాల్ అంటే ప్రాణం."

ఫైనల్ నాడు ఆ ప్రాణం పావుగంట ఆట అయ్యాక అడిగింది: "డెస్మండ్, మనవాళ్లు ఏ రంగోయ్?"

"ఎరుపు సార్."

"అయితే ఓడిపోతున్నది మనమేనన్నమాట."

నిజమే. మార్చ్‌బరీ జట్టు రెండు గోల్స్ కొట్టింది. ఎరుపు వాళ్లు తమ అలవాటు ప్రకారం బంతిని ఒకరికొకరు భద్రంగా అందించుకుంటూ చివరికి మార్చ్‌బరీ వాళ్లకి అప్పగిస్తున్నారు. టఫ్నెల్ ఫోన్లో తన తోటకి కొత్త కంచె ఏది బాగుంటుందో చూసుకున్నాడు. ఎనభై మూడో నిమిషంలో గడియారం చూశాడు.

"ఇప్పుడు లేస్తే కార్ల రద్దీ తప్పుతుంది."

"ఇంకో ఏడు నిమిషాలే కదా సార్."

"ఏడు నిమిషాల్లో ఏం మునుగుతుందోయ్? దూరదృష్టి ఉన్నవాడు ఎప్పుడు లేవాలో తెలుసుకుంటాడు."

దూరదృష్టి. ఏరియా మేనేజరుకి ఉండాల్సిన గుణాల్లో రెండోదిగా బ్యాంకు కాగితంలో రాసి ఉంది. డెస్మండ్ లేచాడు. వరసలో ఇరవై రెండు మంది మోకాళ్లు పక్కకి తిప్పుకున్నారు, ఒక్కొక్కరికీ విడివిడిగా సారీ చెప్పాడు.

"ఏం బాబూ, పొయ్యి మీద కూర మాడుతోందా?" అంది చివర కూర్చున్నావిడ. ఆవిడ పక్కాయన, "పోనీలేవే, ఇలాంటివాళ్లు పోతేనే మనకి గాలాడుతుంది" అన్నాడు.

మెట్ల దగ్గర ఉండగా మొదటి అరుపు వినబడింది. కార్ల దగ్గరికి చేరేసరికి రెండోది.

"మార్చ్‌బరీ వాళ్లు బాగా కొడుతున్నట్టున్నారు" అన్నాడు టఫ్నెల్ సీటు బెల్టు పెట్టుకుంటూ.

అదనపు సమయం నాలుగో నిమిషంలో మూడో గోలు పడినట్టు రేడియో చెప్పింది. మూడూ ఎరుపు వాళ్లవే. యాభై ఎనిమిదేళ్లలో మొదటి కప్పు. రేడియోలో మనిషి ఏడుస్తున్నాడు. రోడ్డు మీద ముందు ఒక్క కారు లేదు, వెనక ఒక్క కారు లేదు.

"చూశావా, ఎంత ఖాళీగా ఉందో!" అన్నాడు టఫ్నెల్.

"మీరు చెప్పినట్టే సార్" అన్నాడు డెస్మండ్.

ఎనిమిదిన్నరకి ఇల్లు చేరాడు. దారిలో ఆ మూడు గోల్స్ నోటికి పట్టేశాడు. తలుపు తీస్తూనే, "మామయ్యగారూ, ఆ మూడోది చూశారూ! సరిగ్గా నా కళ్ల ముందే..." అన్నాడు.

గ్లెనిస్ టీవీ కేసి చెయ్యి చూపించింది. ఎరుపు వాళ్ల మొదటి గోలుకి నిమిషం ముందు కెమెరావాడు పని లేక జనంలోకి చూశాడు. టఫ్నెల్‌ది వీపు మాత్రమే పడింది. డెస్మండ్‌ది మొహం పడింది, సారీ అంటున్న మొహం. ఆ గోల్స్ మళ్లీ వేసిన ప్రతిసారీ ఆ మొహాన్ని పక్కనే పెట్టి చూపిస్తున్నారు. అప్పటికి ఎనిమిదిసార్లయిందట.

"టీ తాగుతావా అల్లుడూ?" అని మాత్రం అడిగాడు విల్ఫ్రెడ్. తిట్టి ఉంటే డెస్మండ్‌కి హాయిగా ఉండేది.

సోమవారం టఫ్నెల్ పిలిపించాడు.

"చూడు డెస్మండ్, కౌంటర్ దగ్గర జనం నిన్ను చూసి చేతులు ఊపి వీడ్కోలు చెబుతున్నారట. ఏరియా మేనేజరంటే చివరిదాకా నిలబడే మనిషి అన్న నమ్మకం కలగాలోయ్. నీకు అర్థమైందనుకుంటాను."

"అయింది సార్" అన్నాడు డెస్మండ్. బయటికి వస్తూ థాంక్స్ కూడా చెప్పాడు, అలవాటు కొద్దీ.

ఆ సాయంత్రం పైకప్పు లేని బస్సులో కప్పుని ఊరేగించారు. వీధంతా ఎరుపు. డెస్మండ్ ముందుగదిలో కిటికీ తెర వెనక నిలబడ్డాడు. బయట గేటు పట్టుకుని విల్ఫ్రెడ్ ఒక్కడే ఉన్నాడు. బస్సు వెళ్లిపోయాక ఎదురింటి ఆగ్నెస్ రోడ్డు దాటి వచ్చింది.

"మీ ఇంట్లోంచి ఎవరో వెళ్లారు కదూ విల్ఫ్రెడ్, వెంబ్లీకి?" అంది. ఆవిడ టీవీ కూడా చూసే ఉంటుంది.

ముసలాయన గేటుకి గొళ్లెం పెట్టాడు.

"లేదమ్మా" అన్నాడు. "మా ఇంట్లోంచి ఎవరూ వెళ్లలేదు."