మిర్యాలగూడ ఎంపీని వెతుక్కుంటూ

వాన వెలిసి రెండు రోజులైనా రైలు కట్ట కింది దారిలో నడుములోతు నీళ్లు అలాగే ఉన్నాయి. ఇవతలి ఒడ్డున మౌనిక కాలేజీ బ్యాగుతో నిలబడింది. అవతలి ఒడ్డున ఆటో ఆగింది. "నేను రాను పిల్లా, ఇంజను మునుగుతది" అని డ్రైవరు కేకేసి, బండిని కోదాడ వైపు తిప్పుకున్నాడు.

మేళ్లచెరువు దగ్గరి ఆ తండాకు ఉన్నది ఆ ఒక్క దారే. వానలు పడితే చదువైనా, దవాఖానైనా బందే. కట్ట ఎక్కి పట్టాలు దాటబోయిన ఒకామె నిరుడు కాలు విరగ్గొట్టుకుంది. ఇక చాలు, పిల్లను కాలేజీ మాన్పించి కూలికి తీసుకుపోతానని మౌనిక తండ్రి హరిలాల్ ఆ పూటే తేల్చేశాడు.

తాత కాశీరాం ఒప్పుకోలేదు. ఆయన తండాకు నాయక్, అంటే పెద్ద. సర్పంచిని అడిగితే, ఎమ్మెల్యేను అడిగితే, రైలు కట్ట మా చేతిలో లేదు, అది ఢిల్లీ పని అన్నారు. సరే, ఢిల్లీకి పంపిన మనిషి లేడా మనకు?

"మన ఎంపీ మిర్యాలగూడల ఉంటడు. నేనడిగితే కాదంటడా? తండా ఓట్లన్నీ నా మాట మీదనే పడ్డయి" అంటూ తలపాగా చుట్టి, మనవరాలిని వెంటబెట్టుకుని, ఆ నీళ్లలోనే దిగి దాటి బస్సెక్కాడు.

ఆ ధీమా ఉత్తదేమీ కాదు. ఓట్ల ముందురోజు తండా అంతా నాయక్ ఇంటి ముందు కూడుతుంది. ఆయన ఒక గుర్తు చెబుతాడు. తెల్లారి ఆడా మగా వెళ్లి ఆ గుర్తునే నొక్కి వస్తారు. మాట తప్పినవాళ్లు లేరు. ఆ గుర్తు వెనక ఉన్న మనిషెవరని అడిగినవాళ్లూ లేరు.

మిర్యాలగూడ బస్టాండు ముందు హోటల్లో చాయ్ చెప్పి, ఎంపీ ఆఫీసు ఎక్కడని కాశీరాం దర్జాగా అడిగాడు. హోటలు నడిపే దేవసహాయం గ్లాసులు కడగడం ఆపి చూశాడు.

"ఏ ఎంపీ, పెద్దాయనా?"

"మిర్యాలగూడ ఎంపీ."

"ఆ సీటు ఇప్పుడు లేదు గదా! సూర్యాపేట, కోదాడ, మన మిర్యాలగూడ అన్నీ ఒకప్పుడు దాని కిందనే ఉండె. నియోజకవర్గాలు మల్ల గీసినప్పుడు దాన్ని తీసేసిండ్రు. రెండువేల తొమ్మిది నుంచి మనమంతా నల్లగొండ ఎంపీ కిందనే."

"నిరుడు గూడ ఓటేసినం గదా!"

"ఏసింది నల్లగొండకే."

కాశీరాం ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నాలుగు ఎన్నికల్లో తండాను తానే నడిపించాడు. ఎటు నడిపించాడో తనకే తెలియదు.

"దాదా, మరి మన ఎంపీ పేరేంది?" అని మౌనిక తాతను మెల్లగా అడిగింది. ఆ పేరూ ఆయనకు తెలియదు. హోటల్లో అంతమంది ఉన్నా, ఆ పిల్ల ముందే ఆయనకు తల కొట్టేసినట్టయింది.

కాశీరాంను చూసి నవ్వడం తేలికే. చదువుకున్న మనలో ఎందరం మన ఎంపీని ఒక్క పని అడిగాం? పేపర్లో గెలుపోటములు చదివి, మన బాధ్యత తీరిందనుకోలేదా?

ఆ సాయంత్రమే కాశీరాం తండాను కూర్చోబెట్టి, ఏమీ దాచకుండా చెప్పాడు. ముందుగా లేచింది ఆయన భార్య భూలి.

"నొక్కుడు మా వంతు, అడుగుడు నీ వంతనుకున్నం. నువ్వు అడుగనే లేదా?"

"అడగలే. అడగాలన్న సోయి గూడ లేకపాయె" అన్నాడాయన. "ఇగ నేను గుర్తు చెప్ప. ఎవరి ఓటు వాళ్లే ఆలోచన చేసి ఏయుండ్రి. రేపు అందరం నల్లగొండ పోదాం. నీళ్లల్ల దిగేది ఎక్కువ ఆడోళ్లే, మీరే ముందు మాట్లాడుండ్రి."

"పోతే పని అయితదా?" అని హరిలాల్ సణిగాడు.

"అయ్యేదాక పోదాం."

హరిలాల్ కూతురి వైపు తిరిగాడు. "నువ్వు గూడ రా బిడ్డా. కాలేజీ సంగతి నువ్వే చెప్పాలె" అన్నాడు. మౌనికకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కాశీరాం తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఓటేసినంత మాత్రాన ఎంపీ మనోడు కాడు, పోయి అడిగితేనే మనోడైతడు. సీటు పోయి ఇన్నేండ్లయినా మనకు తెల్వలేదంటే, అది ఉన్ననాడు గూడ మనం దాంట్ల లేనట్టే."