పచ్చ చుక్క

అన్నీ ఒకటే రేటయినప్పుడు ఇంక ఎంచుకోడానికి ఏముందక్కా, పేరు చెప్పు చాలు, అంటున్నాడు ఫోన్లో తమ్ముడు డెయినెర్, వాడికేం తెలుసు, షోరూంలో కొత్త బండి సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యకుండా కూర్చుని ఉంటాడు, ఎర్ర బండి, ఎర్రదే కావాలని మూడు వారాలు ఆగాడు, బీమా కాయితం లేనిదే బండి గేటు దాటదు, పన్నెండుకి షోరూం మూసేస్తారు, మళ్ళీ రెండింటికి గాని తియ్యరు, ఇప్పుడు పదకొండూ నలభై, మోటారుసైకిలు బీమా రేటు సర్కారే ఖాయం చేసింది కనక సిన్సెలెహో ఊళ్ళో ఏ కంపెనీ గల్లాకి వెళ్ళినా అదే రేటు, అవే అక్షరాలు, కాయితం పైన గీత రంగు ఒక్కటే తేడా, అందుకే జనం ఏది దగ్గరుంటే అది కొనుక్కుని పోతారు, వీడు మాత్రం అక్కని అడిగాడు, ఎందుకంటే అక్క నయీబె ఆరేళ్ళుగా క్లినిక్కులో బిల్లుల కిటికీ వెనక కూర్చుంటుంది, పొద్దున్న లేస్తే ఆ కాయితాల మొహమే చూస్తుంది, ఏ కంపెనీ మంచిదో ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, తెలుసు, తెలియడమే రోతగా ఉంది.

ఉండరా ఒక్క నిమిషం, అని ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టింది, కిటికీ అవతలికి ముసలావిడ ఎలోయీనా మళ్ళీ వచ్చింది, ఇది నాలుగోసారి, ఒంటి నిండా జున్ను నీళ్ళ వాసన, కొడుకు ఆర్నోవిస్ పొద్దున్నే పల్లె నుంచి ఉప్పుజున్ను దిమ్మలు బండికి కట్టుకుని వస్తూ కుక్క అడ్డొచ్చి పడ్డాడు, ఈవిడ వెనక సీట్లో ఉంది, ఈవిడకి గీత కూడా పడలేదు, రెండు అంబులెన్సులు పందెం వేసుకుని వచ్చాయట, ముందు చేరింది మన క్లినిక్కు మనిషే, డేగ అంటారు వాణ్ణి, దిగగానే పడ్డవాడి నాడి చూళ్ళేదు, జేబులో పాలసీ చూశాడు, దాన్ని ఫోటో తీసి నయీబెకి పంపాడు, పచ్చ గీత, ఆమె ఎత్తిన బొటనవేలు బొమ్మ తిరిగి పంపింది, అప్పుడే మనిషిని ఎక్కించాడు, ఆ బొటనవేలు ఆమెదే, ఓ పక్క అరటికాయ అప్పచ్చి నములుతూ పంపింది, డాక్టరమ్మా, అంటోంది ముసలావిడ, నేను డాక్టర్ని కాదమ్మా, తెల్లకోటు వేసుకున్నావు గదా తల్లీ నాకు నువ్వే డాక్టరువి, మావాడి కంపెనీ మంచిదేనా, ఖర్చంతా అదే పెట్టుకుంటుందా, చాలా మంచిదమ్మా, అన్నీ పెట్టుకుంటుంది, మీరేం బెంగపడకండి, ఆ మాట నోట్లోంచి ఎంత నున్నగా జారిందో, రోజుకి ముప్ఫైసార్లు అని అని అరిగిపోయిన మాట.

మంచిదే, నిజంగానే మంచిది, పచ్చ కంపెనీ అడ్డుచెప్పదు, పంపిన బిల్లు పంపినట్టు కడుతుంది, అందుకే ఆ కాయితంతో వచ్చినవాడి ఫైలు మీద పైమూల ఆమె పచ్చ చుక్క అంటిస్తుంది, గుండ్రటి స్టిక్కరు, పిల్లల పుస్తకాల కొట్లో దొరికేది, ఈ పద్ధతి పెట్టింది బిల్లుల పెద్ద లాసరో, అంటించేది నయీబె, పచ్చ చుక్క ఉన్నవాడికి పాలసీ ఎంతవరకు ఇస్తుందో అంతవరకూ జబ్బు ఉంటుంది, నడుచుకుంటూ వచ్చిన ఆ బడిపంతులమ్మ గుర్తుంది, మోకాలు దోక్కుపోయింది, అంతే, మూడు స్కానింగులు తీశారు, తర్వాత మోకాలు కోశారు, చక్రాల కుర్చీలో వెళ్ళింది, వెళ్తూ వెళ్తూ నయీబెకి ఓ పొట్లం కొబ్బరి మిఠాయి ఇచ్చింది, ఎంత బాగా చూసుకున్నారమ్మా అని, ఆ మిఠాయి నయీబె తిన్నది, ఏం ఆలోచించకుండా తిన్నది, రాణీ, ఆ ఫైలు తెమల్చు, వెర్గారా గారు చేతులు కడుక్కుంటున్నారు, అని వెనక బల్ల దగ్గర్నుంచి లాసరో నయీబెని కేకేశాడు, కిటికీ ఆడవాళ్ళందర్నీ రాణీ అనే పిలుస్తాడు, నోటి నిండా కర్రపెండలం గారె, వేళ్ళన్నీ నూనె, ఆ నూనె వేళ్ళే ఫైళ్ళ మీద, ఆ ఫైళ్ళే తన చేతుల్లోకి, డాక్టర్ వెర్గారా ఎనిమిదింటికి వచ్చి ఆర్నోవిస్ ఎక్స్‌రే లైటుకి పెట్టి చూడలేదు, చుక్క చూశాడు, రాత్రి డ్యూటీ చిన్న డాక్టరు మాత్రం దిగేముందు చూసి రాసిపెట్టాడు, కాలర్ బోన్ ఎముకలో వెంట్రుకంత చీలిక, చేతికి జోలె కట్టి ఇంటికి పంపండి, ఆరు వారాల్లో అతుక్కుంటుంది అని, ఆ కాయితం ఇప్పుడు ఫైల్లో లేదు, ఎవరు తీశారని ఎవరైనా అడిగితే లాసరో తియ్యమన్నాడు అంటుంది, తీసిన చెయ్యి మాత్రం తనదే, దాని స్థానంలో వెర్గారా రాసింది ఉంది, ఎముకకి స్టీలు ప్లేటు, ఆరు మరమేకులు, పన్నెండు గంటలకి.

అక్కా, ఏంటక్కా, బీమా కంపెనీ అడిగితే నాకు పెళ్ళికూతుర్ని వెతుకుతున్నట్టు ఆలోచిస్తావు, ఇక్కడ గల్లాపిల్ల నవ్వుతోంది, నీలం వాళ్ళది తీసుకుంటే టోపీ ఇస్తారట, పచ్చ వాళ్ళయితే తాళంచెవి గొలుసు, నాకు టోపీయే నచ్చింది, చెప్పెయ్యనా, వద్దురా, నోరు మూసుకుని కూర్చో, నీలం వద్దు, నీలం అనగానే ఆమెకి వరండా కనపడుతుంది, నీలం కంపెనీ ప్రతి బిల్లుకీ కొర్రీ వేస్తుంది, దూదికి కూడా సాక్ష్యం అడుగుతుంది, నీలం చుక్క పడితే వాణ్ణి మంచం దాకా కూడా పోనివ్వరు, వరండాలో చక్రాల బల్ల మీదే, మామిడిపళ్ళ కాలంలో వచ్చిన ఆ తాపీమేస్త్రీ, కాలు విరిగి నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు, భార్య హెల్మెట్‌ని తిరగేసి బల్ల కింద పెట్టి అందులో నారింజలు దాచేది, ఈగలు నారింజల మీద వాలి, లేచి, కట్టు మీద వాలేవి, ఏమ్మా ఎప్పుడమ్మా అని అడిగేది ఆవిడ, కంపెనీ నుంచి జవాబు రావాలమ్మా అనేది నయీబె, నాలుగో రోజు వాసనొచ్చింది, అప్పుడు గాని సర్కారు ఆసుపత్రికి పంపలేదు, తర్వాత ఏమైందో ఆమె కనుక్కోలేదు, కనుక్కోకపోవడం కూడా ఒక పద్ధతే ఇక్కడ, ఎవరూ పెట్టని పద్ధతి, దాన్ని అందరూ నూటికి నూరుపాళ్ళూ పాటిస్తారు, ఇక నారింజ గీత కంపెనీ ఉంది, దానికి చుక్కే లేదు, మంచాలు ఖాళీ లేవని తలుపు దగ్గరే చెప్పి అదే అంబులెన్సులో ఊరంతా తిప్పుతారు, ఒక ఆసుపత్రి గుమ్మం నుంచి ఇంకోదాని గుమ్మానికి, పాత సోఫా అమ్మకానికి తిప్పినట్టు.

చెప్పు మరి, డెయినెర్‌కి ఏది, కళ్ళు మూసుకుంటే వాడే కనపడుతున్నాడు, రోడ్డు మీద పడి ఉన్నాడు, ఎర్ర బండి పక్కన, వాడు పడడని ఎవరు చెప్పగలరు, ఈ ఊళ్ళో బండి మీద బతికేవాడు పడకుండా ఎన్నేళ్ళు తిరుగుతాడు, వీడు మనుషుల్ని ఎక్కించుకుని రోజంతా తిరగబోతున్నాడు, డేగ దిగుతున్నాడు, జేబులో చెయ్యి పెడుతున్నాడు, పచ్చ కొనిపెడితే వాడి మంచి ఎముకకి ఆరు మరమేకులు, నీలం కొనిపెడితే ఈగలు, నారింజ కొనిపెడితే అంబులెన్సులోనే తెల్లారుతుంది, కంపెనీని ఎంచడం అనుకుంటున్నారు వీళ్ళు, ఎంచేది కంపెనీని కాదు, వాణ్ణి కొయ్యాలా కుళ్ళబెట్టాలా తరిమెయ్యాలా అన్నది, ఇది తమ్ముడికి ఎలా చెప్తారు, టోపీ కావాలంటున్నాడు వాడు, తన మెడ దగ్గర్నుంచి వచ్చే సెంటు వాసన కూడా రోతగా ఉంది, ఏడాది చివర్లో ఆ ప్లేట్లూ మరమేకులూ అమ్మే కంపెనీ మనిషి కిటికీలో కూర్చునే ఆడవాళ్ళందరికీ తలా ఒక సీసా ఇచ్చాడు, మా ప్లేట్లు మీ వల్లే కదా కదిలేది మేడం అని నవ్వాడు, తనూ నవ్వింది, మంచి సెంటు, మల్లెల్లాంటిది, ఇప్పుడు అందులో జున్ను నీళ్ళు, స్పిరిట్టు, లాసరో గారెల నూనె అన్నీ కలిసిపోయి ఏది ఎక్కడిదో తెలియకుండా తన ఒంటి వాసనే అయిపోయింది, పొద్దున్న స్నానం చేసింది, అయినా చేసినట్టు లేదు.

రాణీ, నిద్రపోతున్నావా, స్ట్రెచర్ మనిషి వచ్చి నిలబడ్డాడు, అన్నాడు లాసరో, నిజమే, నిలబడ్డాడు, గోడకి ఆనుకుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు, ఫైలు కావాలి, ఫైలుకి సంతకం కావాలి, ఆర్నోవిస్ మత్తు సూదికి తూగుతున్నాడు, కుడి చెయ్యి ఎలాగూ లేవదు, అందుకని తల్లి పెట్టాలి, అమ్మా ఇక్కడ సంతకం పెట్టండి అని నయీబె కాయితం కిటికీ కిందనుంచి తోసింది, ఆపరేషనుకి మీకు ఇష్టమేనని, ఎలోయీనా పెన్ను తీసుకుంది, చదువు తక్కువ తల్లీ, పేరు రాయడం వచ్చు గాని నెమ్మదిగా రాస్తాను, ఎక్కడ, ఇక్కడా, ఇది చిన్న పనేనా, వాడు వంద కిలోల జున్ను మోసేవాడమ్మా, మళ్ళీ మొయ్యగలడు గదా, మొయ్యగలడు అనాలి, రోజూ అనేమాటే, ఈసారి ఫోన్ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది, ఫోన్లో డెయినెర్ అరుస్తున్నాడు, అక్కా షట్టరు సగం దించేశారు, ఇంక నీకు దండం, టోపీ వాళ్ళది తీసేసుకుంటున్నా, వద్దురా, మరేది, ఏదో ఒకటి చెప్పి చావవే, పచ్చదా, పచ్చ వద్దు, నీలమూ వద్దు, ఏదైనా ఒకటేరా, నీ ఇష్టమొచ్చింది కొను, టోపీ కావాలంటే టోపీ తీసుకో, కానీ నా మాట విను, ఎప్పుడైనా పడితే, ఒంట్లో ఊపిరున్నంతవరకూ, అంబులెన్సువాడు ఎంత తియ్యగా మాట్లాడినా సరే, నా క్లినిక్కుకి మాత్రం రాకు, వినపడుతోందా, సర్కారు ఆసుపత్రికి పో, పాక్కుంటూ అయినా పో, ఎవడు ఏ కాయితం పెట్టినా సంతకం చెయ్యకు, నేను పెట్టినా చెయ్యకు.

అరిచేసింది, ఎంత గట్టిగా అరిచిందో అరిచాక గాని తెలియలేదు, లాసరో నమలడం ఆపాడు, స్ట్రెచర్ మనిషి గోళ్ళు కొరకడం ఆపి నేల చూస్తున్నాడు, నవ్వొస్తున్నట్టుంది వాడికి, డెయినెర్, ఏమైందక్కా నీకు, అంటున్నాడు, ఎండదెబ్బ తగిలిందా, ఆమె ఫోన్ బల్ల మీద పెట్టేసింది, కిటికీ అవతల ఎలోయీనా తల ఎత్తి చూస్తోంది, పెన్ను ఇంకా కాయితం మీదే ఉంది, పేరులో మొదటి మూడక్షరాలు పెద్దపెద్దగా, వంకరగా, ముసలావిడ మొహంలో కోపం లేదు, కోపం ఉంటే బాగుండేది, తిడితే బాగుండేది, లెక్క అర్థంకాని పిల్లలా ఉంది, ఎవరమ్మా ఫోన్లో, అని అడిగింది, మా తమ్ముడు, అంది నయీబె, సొంత తమ్ముడా, సొంత తమ్ముడే, ముసలావిడ లోపలి తలుపు వైపు చూసింది, మళ్ళీ నయీబె వైపు చూసింది, మెల్లిగా, మర్యాద తప్పకుండా అడిగింది, మరి మావాడు లోపలే ఉన్నాడు కదమ్మా, అని.

ఉన్నాడు, అవును, లోపలే ఉన్నాడు, తాపీమేస్త్రీ లోపలే ఉన్నాడు, పంతులమ్మ లోపలే ఉంది, ఆరేళ్ళుగా ఈ కిటికీలోకి ఎన్ని మొహాలు వంగాయి, కంపెనీ మంచిదేనా తల్లీ, కంపెనీ మంచిదేనా అమ్మాయీ, ప్రతివాళ్ళకీ ఒకటే జవాబు, చాలా మంచిదమ్మా, ఇన్నాళ్ళూ రోత కంపెనీల మీద అనుకుంది, వెర్గారా మీద, డేగ మీద, ఆ నూనె వేళ్ళ మీద, చుక్కలదేముంది, కొట్లో కొంటే ఎవరైనా అంటిస్తారు, ఒక పూట నేర్పితే చాలు, దానికి తనని ఆరేళ్ళు జీతమిచ్చి కూర్చోబెట్టనక్కర్లేదు, రాణీ, అన్నాడు లాసరో కుర్చీలోంచి లేస్తూ, ఈసారి ఆ పిలుపులో నవ్వు లేదు, ఆమె కిటికీ కిందనుంచి చెయ్యి పోనిచ్చి కాయితాన్ని పట్టుకుంది, ముసలావిడ కాయితం వదల్లేదు, ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని ఉన్నారు, సంతకం పెట్టకమ్మా, అంది నయీబె, జోలె కడితే అతుక్కుంటుంది, తీసుకుపో, మాట బయటికొచ్చాక అది ఎంత చిన్నదో చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది, పట్టుమని పది మాటలు లేవు, తమ్ముడికి ఊపిరి తీసుకోకుండా చెప్పిన మాటే, ఈ మాట వీళ్ళకి చెప్పకుండా ఉండడమే ఇన్నాళ్ళూ తను చేసిన ఉద్యోగం.